పెద్దోడు డ్యూటీలో ఉన్నాడు

చిరంజీవి మరిదికి,

నీ వదిన దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఈ ముక్క రాసేముందు లేచి వెళ్ళి, అత్తయ్య పడుకున్న గదిలోకి తొంగి చూసి వచ్చి మరీ రాస్తున్నాను, కాబట్టి నమ్మొచ్చు. అక్కడ నువ్వూ, నీ ఓడా, నీ చేతి వంట తిని బతుకుతున్న ఆ ఓడలోని పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నువ్వు అడిగినవాటిలో చాలావాటికి తేలిగ్గా జవాబు చెప్పొచ్చు. ఒకదానికి మాత్రం ఏం రాయాలో తోచక ఆగిపోయాను. తేలికైనవి ముందు చెబుతాను. ఆ ఒక్కదాని దగ్గరికి మెల్లిగా వస్తాను.

నువ్వు పంపిన బూట్లు అందాయి. కొలత అడగకుండానే సరిపోయేవి ఎలా కొన్నావో గాని, అత్తయ్య వాటిని తొడుక్కుని గదంతా ఒక చుట్టు చుట్టి, "ఎవరు తెచ్చారివి?" అంది. చిన్నోడు పంపాడన్నాను. "బడికెళ్ళే పిల్లాడు వాడు, వాడికి ఇంత మంచి బూట్లు ఎక్కడివి?" అని కాసేపు అనుమానపడింది. ఆ తర్వాత మాత్రం విప్పనంటే విప్పనంది. ఆ మధ్యాహ్నం బూట్లతోనే పడుకుంది. నా పేరు అడిగితే తడబడుతుంది గాని, లేసు ముడి ఆవిడ వేళ్ళు వాటంతటవే వేసేస్తాయి. ఉద్యోగమున్నన్నాళ్ళూ బడిపిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి కదా, కాళ్ళకు బూట్లుంటేనే ఒంట్లో ప్రాణం ఉన్నట్టు ఆవిడకు.

వేళకు తింటోందా అని అడిగావు. తింటోంది. తిన్న సంగతే గుర్తుండదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "ఇవాళ మనకు భోజనం లేదా అమ్మాయ్?" అంటుంది. పోయిన నెలలో ఎదురింటి పళ్ళ డాక్టరు భార్య దగ్గరికి వెళ్ళి, "మా ఇంట్లో కర్టెన్లు కుట్టే పిల్ల ఒకతుంది, నాకు తిండి పెట్టడం లేదు" అని చెప్పుకుంది. ఆవిడ కొన్నాళ్ళు నన్ను అదోలా చూసింది. ఒకరోజు తనే అత్తయ్యను లోపలికి పిలిచి రొట్టె, ఉడికించిన గుడ్డు పెట్టిందట. కాసేపటికి అత్తయ్య మళ్ళీ వెళ్ళి, "మీరైనా పెడతారనుకున్నాను" అనేసరికి ఆవిడకు సంగతి బోధపడింది. ఇద్దరం మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు ఆవిడే పెద్ద అండ. కిటికీల కొలతలు తీసుకోవడానికి నేను ఎవరింటికైనా వెళ్ళాల్సివస్తే వచ్చి అత్తయ్య దగ్గర కూర్చుంటుంది. పళ్ళ డాక్టరు కూడా మంచివాడే. కనబడ్డప్పుడల్లా అత్తయ్య ఆయనతో "వెన్ను నిటారుగా పెట్టు నాయనా" అంటుంది. పాపం, ఇంకెక్కడ ఎలా నడుస్తాడో తెలీదు గాని, మన గుమ్మం ముందు మాత్రం నిటారుగా నడుస్తున్నాడు.

డాక్టరమ్మ ఏమందో దాచకుండా రాయమన్నావు. దాచను. ఇది అల్జీమర్సేననీ, ముదిరే జబ్బే గాని తగ్గే జబ్బు కాదనీ చెప్పింది. మాత్రలు కొంతకాలం నిలబెడతాయట, వెనక్కి మాత్రం తిప్పలేవట. "ఈమధ్యవి ముందు పోతాయండీ, పాతవి చాలాకాలం ఉంటాయి" అంది. మరి నా సంగతేమిటని అడిగాను. "మీరు ఆ ఇంటికి ఎప్పుడొచ్చారు?" అని ఎదురడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీకు మీసాలు రాకముందే వచ్చాను, నిజమే గాని, నువ్వు పుట్టిన తర్వాతే కదా వచ్చాను. ఆ లెక్కన నీకంటే ముందు నా వంతు. వచ్చేసింది కూడా. కొన్ని రోజులు కోడల్ని, కొన్ని రోజులు కుట్టే పిల్లని. కుట్టే పిల్లతో ఆవిడ ఎంత మర్యాదగా ఉంటుందో తెలుసా. "పొద్దుండగానే ఇంటికి వెళ్ళిపో అమ్మా, మీవాళ్ళు ఎదురుచూస్తుంటారు" అంటుంది. కోడలిగా ఉన్నన్నాళ్ళూ నాకు అంత మర్యాద దక్కలేదు.

హాల్లో నిలువుటద్దం ఉంది కదా, దానితో పెద్ద పేచీ వచ్చింది. "ఆ ముసలావిడ పొద్దుటినుంచీ నిలబడే ఉంది, కుర్చీ వెయ్యి" అంది. వేశాను. ఆవిడ కూర్చోదు, అత్తయ్య ఊరుకోదు. చివరికి "నేనేం చేస్తే అదే చేస్తోంది, వెక్కిరిస్తోంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక హోటలుకు కుట్టగా మిగిలిన గుడ్డతో అద్దానికి కర్టెన్ కుట్టి వేలాడదీశాను. ఇన్నేళ్ళుగా కిటికీలకు, తలుపులకు కుట్టాను గాని, అద్దానికి కుట్టడం ఇదే మొదలు. వెలుతురు రాకుండా ఆపడానికి కుడతాం మామూలుగా. ఇది మనిషి మనిషికి కనబడకుండా ఆపడానికి.

ఆవిడ తప్పిపోయిన రోజు సంగతి నీకు ఫోనులో సగమే చెప్పాను. మిగతా సగం బాగుంటుంది, విను. ఆ పొద్దున నేను మందపాటి లైనింగు గుడ్డ అంచు కుడుతున్నాను. మిషను చప్పుడులో తలుపు చప్పుడు వినబడలేదు. తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీ, తలుపు తెరిచి ఉంది. బస్టాపుకు పరుగెత్తాను, రొట్టెల దుకాణంలో అడిగాను, మందుల షాపులో అడిగాను. ఆవిడ నడకను అందుకోవాలంటే మామూలుగానే నేను పరుగెత్తాలి, ఇక ముందే బయల్దేరితే అడగాలా. ఎవరో గ్రంథాలయం వెనకున్న పార్కులో చూశామన్నారు.

వెళ్ళి చూద్దును కదా, పొద్దున్నే నడకకు వచ్చినవాళ్ళందరూ రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. డ్యూటీ దిగిన నర్సులున్నారు, బ్యాంకు గుమాస్తా ఉన్నాడు, చెవులకు పాటలు తగిలించుకున్న కుర్రకారున్నారు, ముందు వరసలో ఒక లావుపాటి లాయరున్నాడు. అత్తయ్య ఎదురుగా నిలబడి, "చేతులు పైకి. మోచెయ్యి వంచొద్దు. చివర నవ్వుతున్నావే, నువ్వే, నీకే చెబుతున్నా" అంటోంది. గొంతు కంగుమంటోంది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క వరస తప్పలేదు. నేను చెట్టుపక్కనే ఆగిపోయి, ఊపిరి పీల్చుకుంటూ చూస్తుండిపోయాను.

అయ్యాక లాయరు నా దగ్గరికొచ్చి, "మొదట తమాషాకి నిలబడ్డామండీ, తర్వాత వెళ్ళిపోవాలంటే భయమేసింది" అన్నాడు. సంగతి చెప్పాను. "మా నాన్నగారికీ ఇంతేనండీ. రోజూ తీసుకురండి, మేం నిలబడతాం" అన్నాడు. అప్పటినుంచీ రోజూ తీసుకెళ్తున్నాను. ఆ కాసేపు ఆవిడలో ఏ జబ్బూ కనబడదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మన వీధి మలుపు దగ్గర ఆగి, "ఎటు?" అని నా చెయ్యి పట్టుకుంటుంది.

ఇక వృద్ధుల హోమ్ సంగతి. "అన్నయ్యే లేనప్పుడు ఈ బరువు నీకెందుకు వదినా, మంచి హోమ్ చూసి చేర్చు, నీ బతుకు నువ్వు చూసుకో" అని రాశావు. చదివినప్పుడు ఒళ్ళు మండిన మాట నిజం. చేతిలో కత్తెర ఉంది, గుడ్డ వంకరగా తెగింది. తర్వాత చల్లబడి ఆలోచిస్తే, అది నా మీద జాలితో రాసిన మాటేనని తెలుస్తూనే ఉంది. అందుకే వెళ్ళి చూసొచ్చాను. చెడ్డచోటు కాదు. గదులకు గాలీ వెలుతురూ ఉన్నాయి. కర్టెన్ల అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి గాని, ఆ పాపం నా కళ్ళది. అక్కడ పనిచేసే నర్సు ఒకామె, కుర్చీలో ఉన్న పెద్దాయనతో మాట్లాడేటప్పుడు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది. అది నచ్చింది నాకు. నా వల్ల కాని రోజు వస్తుంది, ఆ రోజు పంతానికి పోను. ఒంటిచేత్తో ఆవిడను స్నానానికి ఒప్పించడానికే కొన్నిసార్లు నా తలప్రాణం తోకకొస్తోంది. మొన్న విసుగొచ్చి గట్టిగా అరిచాను కూడా. ఆవిడ బిక్కమొహం వేసుకుని గోడకు ఆనుకుంది. అంత డ్రిల్లు టీచరూ, నేను అరిస్తే బడిపిల్లలా నిలబడిపోయింది. ఆ తర్వాత చాలాసేపు నాకు చేతులాడలేదు. కాబట్టి ఇల్లే స్వర్గం, హోమ్ నరకం అని నేననను. నువ్వు వచ్చాక ఇద్దరం వెళ్ళి మళ్ళీ చూద్దాం.

ఇప్పుడు ఆ ఒక్కదాని దగ్గరికొచ్చాను.

నీ ఉత్తరంలో ఇలా రాశావు. "ఆ రోజు ఫోనులో అన్నయ్య పోయిన సంగతి అమ్మకు నేనే చెప్పేశాను. అమ్మ అరవలేదు, ఏడవలేదు, సరేరా అని ఫోను పెట్టేసింది. చూశావా, అమ్మ గట్టిది. నువ్వే ఇన్నాళ్ళూ అనవసరంగా అబద్ధం చెబుతూ వచ్చావు. తర్వాత ఎలా ఉంది?" అని.

తర్వాత ఎలా ఉందో చెప్పాలంటే, ముందు సంగతి చెప్పాలి. మీ అన్నయ్య లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళిన చోటే, లిఫ్టు గది ముందే, గుండె పట్టుకుని కూలబడి పోయాడని నీకు తెలుసు. ఆయన్ని సాగనంపిన రోజు అత్తయ్య నా పక్కనే నిలబడింది. అందరికంటే నిబ్బరంగా నిలబడింది. తర్వాతి వారమే ఒక సాయంత్రం గుమ్మంలోకి చూసి, "పెద్దోడు ఇంకా రాలేదే" అంది. నేను నిజమే చెప్పాను. నాకు ఇంకేం తెలుసు. అప్పుడే మొదటిసారి విన్నట్టు కుప్పకూలిపోయింది. మర్నాడు మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను, మళ్ళీ కూలిపోయింది. ఒక తల్లికి ఒక కొడుకు చావును ఎన్నిసార్లు చెప్పగలం చెప్పు. ఒకరోజు ఇక నోరు రాలేదు. "డ్యూటీలో ఉన్నాడత్తయ్యా" అన్నాను. "అదీ సంగతి" అని తేలిగ్గా ఊపిరి వదిలి, టీ పెట్టమంది. అంతే. అబద్ధం అలా మొదలైంది. ఆ హోమ్‌లోని నర్సు కూడా, ఆవిడను మన రోజులోకి లాక్కురావాలని చూడకండి, మీరే ఆవిడ రోజులోకి వెళ్ళండి అని చెప్పింది. ఆమె చెప్పకముందే నేను అందులోకి వెళ్ళిపోయాను.

నువ్వు ఫోనులో చెప్పిన రోజు నేను వంటింట్లో ఉన్నాను. ఆవిడ ఫోను పెట్టేసి వచ్చి, "అమ్మాయ్, పెద్దోడు పోయాడట, నిజమేనా?" అంది. నువ్వు చెప్పావన్నాక కాదని ఎలా అనను. నిజమేనన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పామత్తయ్యా."

"వాడి దగ్గరికి నేను వెళ్ళలేదా?"

"వెళ్ళారు. మీరు అక్కడే ఉన్నారు, నా పక్కనే."

"నేనుంటే నాకు తెలియకపోవడమేమిటి?" అంది. నా మొహంలోకి చూస్తూనే ఉంది. "కొడుకు పోతే మరచిపోయే తల్లి ఉంటుందా ఎక్కడైనా? నాకేమైంది అమ్మాయ్?"

మరిదీ, ఆవిడకు తన జబ్బు సంగతి పూర్తిగా అర్థమైంది ఆ ఒక్క నిమిషంలోనే. దగ్గరికి తీసుకోబోతే దూరం జరిగింది, సిగ్గుపడినట్టుగా. అన్నం ముట్టలేదు.

సాయంత్రానికి ఆ వార్త మరచిపోయింది. దుఃఖం మాత్రం పోలేదు. అది నాకెవరూ చెప్పలేదు, అలా జరుగుతుందని. ఎన్నో రోజులు పార్కుకు రానంది. కిటికీ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకునేది. ఎందుకేడుస్తున్నారత్తయ్యా అంటే, "ఎవరో పోయినట్టుందమ్మా. ఎవరో గుర్తు రావడం లేదు" అనేది.

నిన్ను నొప్పించాలని రాయడం లేదు ఇదంతా. నువ్వు అలా ఎందుకు చెప్పావో నాకు తెలుసు. అన్నయ్య పోయినప్పుడు నువ్వు నడిసముద్రంలో ఉన్నావు. రాలేకపోయావు. అక్కడ ఎవరి భుజం మీద తలపెట్టి ఏడిచావో, అసలు ఏడిచావో లేదో నాకు తెలియదు. ఓడలో అందరికీ వేళకు వండిపెట్టాల్సిన మనిషివి. ఏడవడానికి నీకు అమ్మ కావాల్సివచ్చింది. ఇన్నాళ్ళకు ఫోనులో ఆవిడ గొంతు కాస్త బాగా వినబడేసరికి, చెప్పేశావు. నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని. కాబట్టి ఆ సంగతి మనసులో పెట్టుకుని కుమిలిపోకు.

నా సంగతి ఒకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఎదురింటావిడకు కూడా.

డ్యూటీలో ఉన్నాడన్న మాట నేను అత్తయ్య కోసమే మొదలుపెట్టాను. తర్వాత తర్వాత అది నాకోసం అయిపోయింది. ఊరికే డ్యూటీ అంటే ఆవిడ ఊరుకోదు కదా. ఎక్కడ, ఏం పని అని అడుగుతుంది. "కొత్త ఆసుపత్రిలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట, తాడు మారుస్తున్నారట" అని చెప్పేదాన్ని. "టిఫిను పట్టుకెళ్ళాడా?" "పట్టుకెళ్ళాడు." "కాఫీ ఎక్కువ తాగుతున్నాడు, నువ్వైనా చెప్పు." "చెబుతాను, వినడు." అక్కడినుంచి చిన్నప్పుడు వాడెంత మొండివాడో మొదలుపెట్టేది. చెక్కపెట్టెకు తాడు కట్టి, నిన్ను అందులో కూర్చోబెట్టి మేడ మీదికి లాగబోయాడట కదా. నువ్వు కిందపడి గడ్డం పగలగొట్టుకుంటే, నీకంటే ముందు వాడే ఏడిచాడట. ఇవన్నీ ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను మిషను ఆపేసి వినేదాన్ని.

ఆ కాసేపూ ఆయన ఉండేవాడు మరిదీ. కాస్త ఆలస్యంగా వచ్చే మనిషి ఉన్నట్టే ఉండేవాడు. ఈ ఊళ్ళో మిగతా అందరికీ ఆయన పోయినవాడు. ఈ ఒక్క గదిలో, ఆవిడ మరుపులో మాత్రం బతికి ఉన్నాడు. మధ్యాహ్నం దాటితే చాలు, ఎప్పుడడుగుతుందా అని నేనే కాచుకుని కూర్చునేదాన్ని. ఇంకా హోమ్‌లో చేర్చకుండా ఉన్నది ఆవిడ మీద ప్రేమతోనా, ఆయన్ని రెండోసారి పోగొట్టుకోలేకనా అంటే, నాకే తెలియదు. నువ్వు నన్ను త్యాగమూర్తిననుకుని జాలిపడుతున్నావు. అంత లేదు. ఆవిడ దగ్గర నేనూ తలదాచుకున్నాను.

ఆ ఫోను తర్వాత మెల్లిగా ఆ దిగులు తగ్గింది. మళ్ళీ పార్కుకు వస్తోంది. లాయరుకు నడుం పట్టీ బిగించుకోమని సలహా కూడా ఇచ్చింది. కాని ఒకటి మారింది. పెద్దోడు ఇంకా రాలేదేమని అడగడం మానేసింది. రేపు అడుగుతుంది, ఎల్లుండి అడుగుతుంది అని చూశాను. అడగలేదు.

నిన్న మధ్యాహ్నం ఉండబట్టలేకపోయాను. అత్తయ్య కర్టెన్ రింగులు రంగుల వారీగా వేరు చేస్తూ నేల మీద కూర్చుంది. ఆవిడకు అది ఇష్టమైన పని. నేను కూడా పక్కన కూర్చుని, "అత్తయ్యా, పెద్దోడు ఎప్పటికొస్తాడంటారు?" అన్నాను.

ఆవిడ తలెత్తి, "ఏ పెద్దోడు?" అంది.

మీ పెద్దబ్బాయి అన్నాను. ఆవిడ మర్యాద కోసం ఆలోచించినట్టు కాసేపాగి, "నాకు తెలీదమ్మా" అంది. మళ్ళీ రింగుల పనిలో పడింది.

నాకప్పుడు ఏడుపొచ్చింది. ఆయన పోయినప్పటినుంచీ రానిది. ఆ రోజు ఆవిడ కోసం ఆపుకున్నాను, తర్వాత ఆవిడ ముందు అబద్ధం నిలవడం కోసం ఆపుకున్నాను. కన్నీళ్ళు పెట్టుకుంటే డ్యూటీలో ఉన్నాడన్న మాట ఎవరు నమ్ముతారు. నిన్న ఆ అవసరం పోయింది. మొహం దాచుకోవడానికి కూడా వీల్లేనంతగా వచ్చింది.

రింగులు పక్కన పెట్టి ఆవిడ నా దగ్గరికి జరిగింది. బడిలో పడి దెబ్బ తగిలించుకున్న పిల్లల్ని ఎలా దగ్గరకు తీసేదో, అలా నా తల తన భుజానికి ఆనించుకుంది.

"ఎవరైనా పోయారా అమ్మా?"

"అవునండీ."

"ఎవరు?"

"మా ఆయన."

"అయ్యో." నా వీపు మీద మెల్లిగా రాసింది. "మంచివాడా?"

"మంచివాడు."

"అయితే ఏడువు. ఆపుకోకు. నేనిక్కడే ఉంటాను, నాకేం పని లేదు."

ఎంతసేపు ఏడిచానో తెలియదు. ఆవిడ ఒక్క మాటయినా చాలని అనలేదు. నేను కాస్త కుదుటపడ్డాక, "ఎలాంటివాడో చెప్పు" అంది. చెప్పాను. ఎవరి ఇంట్లో లిఫ్టు ఆగినా భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడని చెప్పాను. లోపల ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు అవతలినుంచి కబుర్లు చెబుతూనే బాగుచేసేవాడని, ఒకసారి లోపలున్న చిన్నపిల్ల భయపడకుండా కప్పలాగా, బాతులాగా అరిచాడని చెప్పాను. అలిగితే రెండు పూటలు కూడా నిలబడలేకపోయేవాడని, తమ్ముడంటే ప్రాణమని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. కప్పలాగా అరిచాడంటే నవ్వింది. ఆ నవ్వు అచ్చం ఆయనది.

అంతా విని, "వాళ్ళమ్మ ఎవరో గాని, పిల్లాణ్ణి బాగా పెంచింది" అంది.

"అవునండీ" అన్నాను. "చాలా బాగా పెంచింది."

మరిదీ, నీకు సెలవు దొరగ్గానే రా. నిన్ను పోల్చుకుంటుందో లేదో నేను మాటివ్వలేను. పోల్చుకోకపోతే ఎవరో పెద్దమనిషి వచ్చాడని కుర్చీ వేయిస్తుంది, బాధపడకు. ఆవిడ పక్కన కింద కూర్చో. నీ మొహం చూసి ఆవిడే అడుగుతుంది, అది మాత్రం ఇంకా ఆవిడకు తెలుస్తోంది. ఎవరు పోయారని అడిగితే, మా అన్నయ్య అని నిజమే చెప్పు. ఎలాంటివాడో చెప్పమంటుంది. నిదానంగా అంతా చెప్పు. ఆవిడ వింటుంది.

ఇట్లు,
మీ అమ్మ దగ్గరుండి నీ దారి చూస్తున్న
మీ వదిన